రెండో చంద్రుడు నాది కాదు

మా ఎదురింటి టీచరమ్మ పోయిన నెల కన్నుమూశారు. ఆ ఉదయం నేను అరుగు మీద కూర్చుని శనివారం ప్రసంగానికి పురాణ గ్రంథంలో పుటలు గుర్తు పెట్టుకుంటున్నాను. ఆమె చెల్లెలు వీధి దాటి వచ్చి, "అక్క వెళ్ళిపోయిందండి" అంది. ఎంత మామూలుగా అందంటే, ఎక్కడికని అడగబోయాను. అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందట. చావు గురించి ముప్పై ఏళ్ళుగా వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి. ఒళ్ళో అంత లావు గ్రంథం ఉంది. దాన్ని మూసి పక్కన పెట్టి, చెప్పుల కోసం వెతుక్కున్నాను.

ఈ నాలుగు ముక్కలు మన భజన మందిరం పత్రిక కోసం రాస్తున్నాను. మనలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ, తెలుగు అక్షరం చదివేవాళ్ళు తక్కువ. నేనూ బడిలో అరవమే చదివాను. ఇరవై దాటాక గ్రంథం కోసం ఒక్కొక్క అక్షరం సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నాను. కాబట్టి ఒక మనవి. చదవడం వచ్చినవాళ్ళు దీన్ని రానివాళ్ళకు పైకి చదివి వినిపించండి. ముఖ్యంగా నాలుగేళ్ళ కిందట వైతికుప్పం సముద్రపు ఒడ్డున నా పక్కన నిలబడ్డవాళ్ళకు.

టీచరమ్మది యానాం. సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక అక్కచెల్లెళ్ళిద్దరూ లాస్‌పేటలో మా ఎదురింట్లో అద్దెకు దిగారు. వచ్చిన రెండో వారమే ఆమె మందిరానికొచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఆ రోజు నేను మంచి ఊపులో ఉన్నాను. ఒంటితోనే స్వర్గానికి పోవాలనుకున్న రాజు కథ చెబుతున్నాను. "చూడండి! ఆకాశంలో కాపురం పెట్టాలనుకున్నవాడి గతి! తలకిందులుగా వేలాడుతున్నాడు, ఈనాటికీ!" అని బల్ల గుద్దాను. రాకెట్లెక్కి పైన మకాం పెట్టాలనుకునే వాళ్ళందరికీ అదే గతి అని కూడా చేర్చాను.

అందరూ వెళ్ళాక నేను శొంఠి నీళ్ళు తాగుతుంటే ఆమె దగ్గరకొచ్చారు.

"స్వామిగారూ, చాలా బాగా చెప్పారండి. ఒక్కటే చిన్న సంగతి. అక్కడ తలకిందులనేది ఉండదండి. కింద అంటూ ఒకటుంటే కదా, తలకిందులవడానికి?"

నాకు ఒళ్ళు మండింది. "పద్నాలుగు లోకాలుండాయని మా గ్రంథం ఎప్పుడో చెప్పింది టీచరమ్మా. మీవాళ్ళు ఇప్పుడు దుర్బీన్లు పెట్టుకోని యెతకతా ఉండారు."

"లోకాలైతే ఉన్నాయండి, కావలసినన్ని. వాటిలో ఎవరైనా ఉన్నారా అన్నదే ఇంకా చూడలేదు." అని నవ్వి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఎన్నిసార్లు ఎవరడిగినా ఆమె జవాబు అదే. "లేరు" అనలేదు, "ఉన్నారు" అనలేదు. "ఇంకా చూడలేదు." ఆమెకొక గళ్ళ నోటుపుస్తకం ఉండేది. తేదీ, వేళ, ఏ దిక్కు, ఏం చూశాం, అదేమిటి అని గడులు. మేడ మీద చీరకొంగు తలకు చుట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని, చూసింది చూసినట్టు అందులో రాసేవారు. ఏమిటో తెలియని రోజు ఆఖరి గడి ఖాళీగా వదిలేసేవారు. "ఏదో ఒకటి రాసెయ్యకూడదా, ఇంత చదువుకోని?" అని ఒకసారి ఎగతాళి చేశాను. "ఖాళీగా ఉంటే రేపు ఎవరైనా నింపుతారండి. తప్పు రాస్తే ముందు కొట్టెయ్యాలి కదా" అన్నారు. ఖాళీ ఎట్లా వదలాలో నాకు ఎవరూ నేర్పలేదు. వేదిక మీద క్షణం ఆగితే జనం లేచిపోతారని భయపడే జాతి నాది.

మనుషులు వేరే గ్రహాల మీద బతకడం గురించి ఆమెకు పిచ్చి ఆశ ఉండేది. కానీ నా కథల్లోలాంటి కోట గోడలు, రథాలు ఆమె మాటల్లో ఉండేవి కావు. "అక్కడికి ముందు వెళ్ళాల్సింది మనిషి కాదండి, మొక్క. తులసి కుండీ ఒకటి అక్కడ చిగురేస్తే, వెనకాల మనం వెళ్ళొచ్చు" అనేవారు. తులసి పేరెత్తేసరికి నేను మెత్తబడేవాణ్ణి. అది ఆమెకు తెలుసు.

ఇక వైతికుప్పం సంగతి.

నాలుగేళ్ళ కిందట ఆగస్టులో మందిరం కార్యదర్శి సెల్‌ఫోన్‌కు ఒక ఇంగ్లీషు సందేశం వచ్చింది. అంగారకుడు భూమికి దగ్గరగా వస్తున్నాడు, చంద్రుడంత పెద్దగా కనబడతాడు, ఆకాశంలో ఇద్దరు చంద్రులు, మళ్ళీ వేల ఏళ్ళకు గానీ రాదు అని. ఆయన చదివి అర్థం చెప్పాడు. నాకు నిప్పంటుకుంది. శనివారం వేదికెక్కి, "రెండో చంద్రుడొస్తున్నాడు! కళ్ళున్నవాళ్ళు వచ్చే శనివారం ఒడ్డుకు రండి!" అని గర్జించాను. సందేశంలో వేళ అర్ధరాత్రి అని ఉందట. ముసలివాళ్ళకు కుదరదని, మన భజన ఎప్పుడూ దీపాల వేళకే కాబట్టి దీన్నీ దీపాల వేళకే పెట్టాం. అవునండీ, అంగారకుణ్ణి మన సౌకర్యం కొద్దీ సాయంత్రానికి జరిపాం. కమిటీలో ఒక్కరూ ఇదేమిటని అడగలేదు.

టీచరమ్మ అడిగారు. గురువారం మా ప్రహరీ గోడ దగ్గరకొచ్చి, "అది వట్టి పుకారండి. అంగారకుడు ఎంత దగ్గరకొచ్చినా చుక్కలాగే ఉంటాడు. దయచేసి జనాన్ని పిలవకండి" అన్నారు.

"నమ్మకం లేనోళ్ళకు యేదీ కనపడదు టీచరమ్మా" అన్నాను.

శనివారం ఒడ్డు నిండిపోయింది. పడవల మధ్య, వలల పక్కన, ఎటు చూసినా మనవాళ్ళే. కర్పూరం, కొబ్బరికాయలు తెచ్చారు. గ్రంథం పట్టుకుని నేను తూర్పుకు తిరిగి నిలబడ్డాను. చీకటి పడింది. సముద్రం మీద ఏమీ లేదు.

మందిరం ముందర పూలమ్మే అవ్వ మొదట నోరు విప్పింది. "ఏంది సామీ, రెండు సెందమామలంటివే. ఉండే ఒకటీ యాడ పోయె?"

"మబ్బు సాటున ఉంటాడు."

"మబ్బు యాడుండాది? సుక్కలు కనపడతా ఉండాయే!"

"రెండోదాన్ని పిల్సుకోని రాను పోయుంటాడులే అవ్వా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒడ్డంతా నవ్వింది.

అప్పుడు తట్టింది నాకు. ముందురోజే కృష్ణాష్టమి. చంద్రుడొచ్చేదాకా నోట్లో నీళ్ళు పోసుకోకుండా, అర్ధరాత్రి దాకా ఆకాశం చూస్తూ కూర్చున్నవాళ్ళం, నేనూ, ఈ జనమూ. ఆ మర్నాడు సాయంత్రం దీపాల వేళకు చంద్రుడు ఎట్లా వస్తాడు? ఏడాదికోసారి ఆ పుట్టుక కథ చెప్పే నాకే గుర్తు లేకపోయింది. గ్రంథం అట్ట చెమటకు చేతికి అంటుకుంది.

అంతలో నా మోచేతి దగ్గర టీచరమ్మ గొంతు. "స్వామిగారూ, అందర్నీ వాయవ్యం వైపు తిరగమనండి. ఇంకో రెండు నిమిషాలుంది."

"ఏముంది ఆడ?"

"ముందు చెప్పండి. గట్టిగా. నా గొంతు అంత దూరం పోదు."

అరిచాను. జనం సముద్రానికి వీపు పెట్టి ఊరి మేడల వైపు తిరిగారు. మేడల పైనుంచి ఒక వెలుగు లేచింది. చుక్క కంటే పెద్దది, మిణుకు లేదు, చప్పుడు లేదు. నింపాదిగా మా నెత్తి మీదికి వస్తోంది.

"ఇమానం!"

"మన లాస్‌పేటలో ఇమానం దిగి ఎన్నేండ్లాయె? ఊరుకో!"

టీచరమ్మ నా పక్కన మెల్లగా, అంతరిక్ష కేంద్రమని మొదలుపెట్టి, ఒక్కొక్క మాట అందించారు. నేను భజనలో పల్లవి ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకున్నాను. "అది ఇల్లు! మనుషులు కట్టిన ఇల్లు! ఇప్పుడు, ఈ క్షణాన, అందులో మనుషులుండారు! దినానికి పదహారు తూర్లు వాళ్ళకు తెల్లారుతుంది!"

"వాళ్ళకు నీళ్ళెట్ల?" అని అవ్వ అడిగింది.

"వాళ్ళ ఊపిరిలో తడి, వాళ్ళ చెమట, అన్నీ పట్టి శుభ్రం చేసుకుని తాగుతారండి" అన్నారు టీచరమ్మ. నేను దాన్నీ అరిచాను.

"ఛీ!" అన్నారెవరో. అవ్వ మాత్రం రెండు చేతులూ ఎత్తి, "సల్లంగా ఉండండి నాయనా" అంది పైకి చూసి. వెలుగు మమ్మల్ని దాటి సముద్రం మీదికి పోయి, దీపం తగ్గించినట్టు ఆరిపోయింది. కర్పూరాలు వెలిగాయి. "సామి చెప్పినట్టే వచ్చె రెండో సెందురుడు!" అన్నారు. నా కాళ్ళకు మొక్కారు.

నేను కాదనలేదు.

యుద్ధంలో ఒక్క మాట గొంతులో మింగినందుకు, ఎన్నడూ నేల తాకని ఆ ధర్మాత్ముడి రథం నేలకు దిగిందని మీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! నేను మాట మింగితే నా రథం పైకి లేచింది. ఆ తర్వాత వీరాంపట్టినం దాకా ఊరూరా నన్ను పిలిచి శాలువాలు కప్పారు. మర్నాడు గోడ దగ్గర, "వచ్చేవారం నిజం చెప్పేస్తా టీచరమ్మా" అన్నాను. "మీకు కుదిరినప్పుడు చెప్పండి. ఆ గడి మీదండి" అన్నారు. అంతే. నాలుగేళ్ళలో మళ్ళీ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఈ వేసవిలో మాత్రం మేడ మీద నుంచి చిన్నపిల్లలా కేకేశారు: "ఇప్పుడు ఆరుగురున్నారండీ అక్కడ!"

ఆమెను చూడ్డానికి ఆసుపత్రికి పోయినప్పుడు చెప్పేద్దామనే పోయాను, ఇక వాయిదా వేయనని. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పక్కన సిలిండరు. నన్ను చూసి, "చూశారా స్వామిగారూ, నేనూ గాలి వెంటబెట్టుకుని బతికేదాన్నయ్యాను" అన్నారు. నవ్వాను. ఇంకో రోజు చెబుదామని లేచి వచ్చేశాను. వారం తిరక్కుండానే పోయారు.

పదో రోజు వాళ్ళింటికి పోయి చెల్లెలి ముందు అంతా చెప్పుకున్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి చూసింది. "ఆ రోజు అక్క ఇంటికొచ్చి సంతోషంతో అన్నం కూడా తినలేదండి. నా జన్మంతా చెప్పినా అంతమంది ఒకేసారి తలెత్తి చూడలేదే, స్వామిగారి గొంతు పుణ్యమే అని ఒకటే మురిసిపోయింది."

"నా మీద కోపం లేదా?"

"కోపం కాదండి. దిగులుండేది. ఆయన నిజం చెప్పిన రోజు కష్టం ఆయనకు కాదే, ఆ ఇంటికి అనేది."

ఏ ఇల్లో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాతి శనివారం అర్థమైంది. వేదికెక్కి చెప్పాను. సందేశం అబద్ధం, రెండో చంద్రుడు అబద్ధం, ఆ వెలుగు చూపింది టీచరమ్మ, దాన్ని నాదని మీరంటే ఊరుకున్నాను అని. ఇద్దరు ముగ్గురు లేచిపోయారు. పూలవ్వ లేచి నిలబడింది.

"అట్లయితే ఆడ మనుషులుండారనిందీ అబద్ధమేనా సామీ?"

"కాదవ్వా. అది నిజం."

"దొంగ నోరూ అదే, నిజం నోరూ అదే అయితే, నాకెట్ల తెలిసేది? నా కండ్లకే సూపీ."

నా అబద్ధం నన్ను వదిలి పైనున్న ఆ ఇంటి మీద, అందులోని ఆరుగురి మీద పడింది.

అది పోయే వేళలు చెప్పే మనిషి ఇప్పుడు లేదు. బ్రౌజింగ్ సెంటరుకు పోయి, అక్కడి అమ్మాయిని బతిమాలి, వెతికించి, కాగితం మీద అచ్చు వేయించుకున్నాను. మైకులో చెప్పలేదు. మొన్న సాయంత్రం వైతికుప్పం ఒడ్డుకు పూలవ్వతో కలిపి ఐదుగురం పోయాం. వానకాలం. వాయవ్యం నుంచి ఆగ్నేయం దాకా మబ్బు దట్టంగా కమ్ముకుని ఉంది. ఒక్క చుక్క లేదు.

"కనపడదవ్వా ఈ పొద్దు" అన్నాను. "పోతుంది గానీ కనపడదు."

"ఎప్పుడు పోతుంది?"

గడియారం చూశాను. "ఇప్పుడు. ఊరి మేడల మీద లేస్తా ఉంటుంది."

అవ్వ బోర్లించిన పడవకు వీపు ఆనించి చెయ్యెత్తింది. నేను కాగితం చూసి దిక్కు చెబుతూ పోయాను. పూలు కట్టీ కట్టీ నారకు కాయలు కాసిన ఆమె వేలు, మబ్బు మీద, మేడల నుంచి మా నెత్తి మీదికి, నెత్తి మీద నుంచి సముద్రం వైపుకు, తొందర లేకుండా జరుగుతూ పోయింది.