చిల్లపెంకు మీద నా పేరు

2011లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మేం ఐదుగురం ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్లం. గదులు ఐదు, వంటగది ఒకటే. నేను భీమవరం వాణ్ణి. నాకంటే రెండేళ్లు చిన్నవాడైన వరంగల్ కుర్రాడొకడు మొదటిరోజు నుంచే నన్ను అన్నా అని పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. నర్సింగ్ చదివే నైజీరియా అమ్మాయి, ఎప్పుడూ పరుగులు తీసే ఐరిష్ కుర్రాడు, ప్రాచీన చరిత్ర చదివే ఏథెన్స్ అమ్మాయి మిగతా ముగ్గురు.

అందరిలోకీ పెద్దవాణ్ణి కాబట్టి ఇంటి పెత్తనం నాదే అనుకున్నాను. నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. ఫ్రిజ్ తలుపు మీద పసుపు చీటీలు అంటించేవాణ్ణి. ఎవరి పాలు వాళ్లే తాగాలి. గిన్నె తిన్న వెంటనే కడగాలి. ఇంగ్లిష్‌లో అందరికీ రాసి, కింద తెలుగులో 'ముఖ్యంగా నువ్వు' అని తమ్ముడికి రాసేవాణ్ణి.

ఒక ఆదివారం తమ్ముడి చేతిలోంచి పెద్ద పింగాణీ పళ్లెం జారి ముక్కలైంది. ఆ పూట గిన్నెలు కడగాల్సింది తను కాదని వాడు, వాడేనని నేను. చివరికి నేను గొంతు పెంచి, "ఇక నుంచి ఎవరి వంతు ఎప్పుడో రోటా నేనే వేస్తాను" అని ప్రకటించాను.

ఏథెన్స్ అమ్మాయి టీ తాగుతూ నవ్వింది. "మా ఊళ్లో అయితే చీటీలు తీసేవాళ్లు."

"ఇప్పుడా?"

"రెండున్నర వేల ఏళ్ల కిందట. చాలా పదవులకు ఎన్నికలుండేవి కావు. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్లే అధికారి."

"సమర్థుడికి ఇవ్వాలి గానీ లాటరీ ఏమిటి?" అన్నాను.

"సమర్థుడంటే?"

"అనుభవం ఉన్నవాడు."

"గిన్నెలు కడగడంలోనా, చీటీలు రాయడంలోనా?"

ఇలా ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేసరికి, ఈ ఇంటికి పెద్దగా ఉండదగింది ఎవరూ చెప్పకుండానే గిన్నెలు కడిగేసే నైజీరియా అమ్మాయేనని నా నోటితో నేనే ఒప్పుకున్నాను. "ఇలా ప్రశ్నలు వేసిన ముసలాయనకు మావాళ్లు విషం ఇచ్చారు" అంది ఏథెన్స్ అమ్మాయి గర్వంగా. ఎందుకిచ్చారో నాకు కొంత అర్థమైంది.

తర్వాత కింద పడ్డ ముక్కలు ఏరుతూ ఇంకో సంగతి చెప్పింది. ఎవరైనా మరీ పెద్దవాడై నెత్తికెక్కుతాడేమోనని భయం వేస్తే ఆ ఊరి జనం చిల్లపెంకుల మీద అతని పేరు గీసేవారట. ఎక్కువ పెంకులు ఎవరి పేరున పడితే అతను పదేళ్లు ఊరు విడిచి పోవాలి. ఆస్తి జోలికి రారు, మర్యాదకు లోటుండదు. కొన్నాళ్లు కంటికి కనబడకుండా ఉంటే చాలు.

నాకు భలే నచ్చింది. పోయేది తమ్ముడేనని నాకు ఏ అనుమానమూ లేదు. "పెట్టేద్దాం ఓటు! పదేళ్లు కాదు, పది రోజులు" అని ఎగిరింది నేనే.

ఏథెన్స్ అమ్మాయి ముక్కల అంచులు రుద్ది తలా ఒకటి ఇచ్చి, పేర్లు గ్రీకు అక్షరాల్లోనే రాయాలని షరతు పెట్టి, అక్షరాల పట్టిక గోడకు అంటించింది. ఇంజినీరింగ్ లెక్కల పుణ్యమా అని నాకు సగం అక్షరాలు ముందే వచ్చు. తమ్ముడి పేరు చకచకా రాసేశాను. అంతలో వాడే మార్కర్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నాకీ గీతలు సమజైతలేవు. జర రాసియ్యవా?"

"ఎవరి పేరు?"

వాడు కాళ్ల వైపు చూశాడు. "నీదే."

"నేనేం చేశాన్రా నీకు?"

"ఏం జెయ్యలే అన్నా. మంచోనివే. పొద్దున లేస్తే నీ చీటీలు సదివి సదివి యాష్టకొచ్చింది."

మార్కర్ తీసుకుని రాసిచ్చాను.

ఐదు పెంకుల్లో నాలుగింటి మీద నా పేరే ఉంది. అందులో ఒకటి నా దస్తూరీ. అదెలా జరిగిందో చెబితే ఏథెన్స్ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. అచ్చం ఇలాగే, ఆ కాలంలో వాళ్ల ఊళ్లో న్యాయవంతుడని పేరుపడ్డ ఒక నాయకుణ్ణి చదువురాని పల్లెటూరివాడొకడు గుర్తుపట్టక, ఆ నాయకుడి పేరే రాసిమ్మని అడిగాడట. అతను నీకేం అపకారం చేశాడని అడిగితే, ఏమీ లేదు, ఎక్కడ చూసినా న్యాయవంతుడు న్యాయవంతుడు అని విని విసుగొచ్చింది అన్నాడట. ఆ నాయకుడూ మాట్లాడకుండా రాసిచ్చాడట.

"ఇది ఆటే, నువ్వు వెళ్లక్కర్లేదు" అని అందరూ అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. బ్యాగు సర్దుకుని కోచ్ బస్సు ఎక్కి నార్తాంప్టన్ వెళ్లాను. అక్కడ నా కాలేజీ స్నేహితుడు ఐటీ ఉద్యోగం చేస్తూ భార్యతో ఉండేవాడు.

మూడో రోజు పొద్దున్న ఆవిడ పెసరట్టు వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "అన్నయ్యగారూ, డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసి అంటించారేంటండీ? ఉప్పేదో పంచదారేదో నాకు తెలుసు కదండీ."

"ఊరికే... సదుపాయంగా ఉంటుందని."

"షెఫీల్డ్‌లో కూడా ఇలాగే చేశారా?"

"ఆఁ."

"అందుకే పంపించేశారా?"

స్నేహితుడికి పొరబోయింది. నేను తల వంచుకుని పెసరట్టు తిన్నాను. నా మీద నాకే నవ్వొచ్చింది గానీ, లోపల చురుక్కుమంది కూడా. ఆవిడ స్నానానికి వెళ్లగానే ఒక్కో డబ్బా మీది కాగితం గోటితో గీకి తీసేశాను.

ఆరో రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, జల్ది రా. బాయిలర్ బందయింది. నీళ్లు మంచు లెక్క ఉన్నయ్. ల్యాండ్‌లార్డ్ ఫోన్ ఎత్తుతలేడు."

ఏథెన్స్ అమ్మాయి ఫోన్ లాక్కుంది. పర్షియా సైన్యం మీదికొచ్చినప్పుడు ఆ నాయకుణ్ణి కూడా గడువు తీరకుండానే వెనక్కి పిలిచారని చెప్పింది.

"ఆయన వచ్చాడా?"

"వచ్చాడు. తనను పంపించేసినవాళ్లతో కలిసే పోరాడాడు."

మధ్యాహ్నం కోచ్ పట్టుకున్నాను. బాయిలర్‌లో ప్రెషర్ పడిపోయిందంతే. కింద కుళాయి కొంచెం తిప్పి, ప్రెషర్ మీటరు ముల్లు పచ్చ గీత దగ్గరికి రాగానే కట్టేయాలి. నాకొక్కడికే తెలుసునన్న గొప్ప కోసం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఈసారి నలుగురినీ పిలిచి, తలా ఒకసారి వాళ్ల చేతులతోనే తిప్పించాను. ముల్లు కదలగానే నైజీరియా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఐరిష్ కుర్రాడు అందరికంటే ముందు స్నానానికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం ఏథెన్స్ అమ్మాయి వాళ్ల ఊరి పప్పు పులుసు కాచింది. పప్పు, టమాటా, పైన వెనిగర్. తమ్ముడు ఒక చెంచా తిని నా వైపు దీనంగా చూశాడు. నేను లేవబోయి ఆగాను.

"కొంచెం పోపు పెట్టొచ్చా?" అని ఆమెను అడిగాను.

"అంటే ఏమిటి?"

చెప్పకుండా చిన్న గరిటెలో నూనె కాచి ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేశాను. పులుసులో పోయగానే చుయ్యిమంది. ఆమె గిన్నె మీదికి వంగి వాసన చూసి, "మా అమ్మకు మాత్రం చెప్పకండి" అంటూ ఇంకో గరిటె వడ్డించుకుంది.