క్రాంజీ గోడ మీద ముగ్గురు అప్పలస్వాములు

సింగపూరులో ఏం చూడాలో, ఏం కొనాలో చెప్పే రాతలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. పక్షుల పార్కు గురించి, కెమెరాల బేరాల గురించి తెలుసుకోవాలనుకునేవారు వాటిని చదువుకోవచ్చు. నేను అవేవీ చూడలేదు. నేను వెళ్లింది మా నాన్న కోసం. యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల సైన్యంతో మలయా వెళ్లి తిరిగిరాని వాళ్లలో ఆయన ఒకడు. రోడ్లు వేసే, బరువులు మోసే దళంలో కూలి సిపాయి. పేరు అప్పలస్వామి. ఆయన ఓడ ఎక్కే నాటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను.

వెళ్తూ వెళ్తూ అమ్మతో ఒక మాట చెప్పాడట. మగపిల్లవాడు పుడితే ఆ రోజుల్లో బ్రిటన్‌ను ఏలుతున్న ప్రధాని పేరు పెట్టమని. నోట్లో చుట్ట పెట్టుకుని రెండు వేళ్లు చూపించే ఆ ప్రధాని పేరే. ఆయన ఉండగా ఓటమి లేదని దళంలో దొర చెప్పాడట, నాన్న నమ్మాడు. నాయకుల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం మా వైపు ఇప్పటికీ ఉంది, కాబట్టి ఊళ్లో ఎవరూ వింత పడలేదు. ఆ పేరు మాత్రం నేనిక్కడ రాయను. ప్రతి సంతకంలోనూ రాసి రాసి విసిగిపోయాను. బడిలో నన్ను "ఒరే చుట్టా" అని పిలిచేవారు. స్వాతంత్ర్యం వచ్చాక చరిత్ర మాస్టారు ఆ ప్రధాని పాఠం చెప్పినప్పుడల్లా నన్ను లేపి నిలబెట్టేవాడు. పేరు మార్పించుకుంటానని ఏడిస్తే అమ్మ ఒకే మాట అంది. "మీ నాయిన వచ్చి ఆ పేరెట్టి పిలిస్తే ఎవడు పలుకుతాడ్రా?"

ఆ తరవాత నలభై ఏళ్లపాటు ఆ పేరుగలవాడి గురించి దొరికినదల్లా చదివాను. హిట్లర్ ముందు ఆయన తలవంచలేదన్నది నిజం. ఆ మాట నేను దాచను. సింగపూరు కోట ఫిరంగులన్నీ సముద్రంవైపే తిరిగి ఉండగా జపాన్‌వాళ్లు వెనక నేలమీదుగా వచ్చిపడ్డారన్న కథలో సగమే నిజం ఉందని కూడా నాకు తెలుసు. కానీ విమానాలు చాలవని తెలిసీ ఆ సైన్యాన్ని అక్కడ వదిలి, చివరి మనిషిదాకా పోరాడమని లండన్ నుంచి తంతి కొట్టింది ఆయనే. ఆ మరుసటి ఏడు బెంగాల్లో జనం వీధుల్లో రాలిపోతుంటే ధాన్యం ఓడలను ఇంకో వైపు పంపిందీ ఆయన ప్రభుత్వమే. యుద్ధమయ్యాక లావుపాటి సంపుటాలు రాసుకుని సాహిత్యానికి బహుమతి కూడా అందుకున్నాడు. మా ఊరి విశ్రాంత ఉద్యోగుల సంఘంలో ఆయన భక్తుడు ఒకడున్నాడు, ఇంగ్లీషు లెక్చరరుగా చేశాడు. "ఆయనే లేకపోతే ఈపాటికి మనం జర్మన్ మాట్లాడేవాళ్లం" అంటాడు. ఏ భాషలోనైనా సరే, మా నాన్న సంగతి చెప్పేవాడు ఒకడుంటే చాలునన్నాను. అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. నాకేమీ లోటు లేదు.

అమ్మ చివరిదాకా బొట్టు తీయలేదు. మిలిటరీ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి, సంతకం పెడితే పింఛను వస్తుందంటే, "బతికున్న మనిషికి పింఛనేటి బాబూ" అని గుమ్మంలోంచే పంపేసింది. మా ఇళ్లలో ఏడాదికోసారి పెద్దలకు బట్టలు పెడతారు. కొత్త బట్టల కొసలకు పసుపు రాసి, వండినవన్నీ వడ్డించి, పోయినవాళ్ల ముందు పెడతారు. తరవాత ఆ బట్టలు ఇంట్లోవాళ్లు కట్టుకుంటారు. తాతకూ నానమ్మకూ పెట్టేవాళ్లం. నాన్నకు పెట్టనిచ్చేది కాదు. ఆయన పోయిన ఆనవాలు కళ్లతో చూడకుండా పెట్టవద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. పసుపు కుంకుమలతోనే వెళ్లిపోయింది. నిరుడు అక్క కూడా పోయింది. నాన్న ముఖం చూసినవాళ్లు ఇక మా ఇంట్లో లేరు. నేనూ పోతే ఆయనకు బట్టలు పెట్టేవాళ్లే ఉండరు. అందుకని బయలుదేరాను. సంచిలో ఒక పంచెల చాపు పెట్టుకున్నాను. రెండు పంచెలు కలిపి నేసిన, ఇంకా కోయని కొత్త బట్ట.

అక్క కూతురు సుధా, అల్లుడు రవీ సింగపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. హైదరాబాదు నుంచి రాత్రి విమానం నాలుగున్నర గంటల ప్రయాణం, తెల్లవారేసరికి దిగవచ్చు. విమానం నిండా కంప్యూటరు కుర్రాళ్లే. ఇమిగ్రేషన్‌లో కూర్చున్న అమ్మాయి నా పాస్‌పోర్టు చూసి, "వావ్ అంకుల్, వెరీ ఫేమస్ నేమ్ లా!" అంది, ఆ ఊరి యాసలో చివర 'లా' తగిలించి. మీ ఊరిని పోగొట్టింది ఆయనేనమ్మా అనబోయి, థాంక్యూ అన్నాను.

వాళ్ల ఫ్లాటు యూ టీలో. దీవికి ఉత్తరం కొస, స్టేషనుకు దగ్గర. భోజనానికి కూర్చుంటే ఎదురుగా గోడమీద ఆ ప్రధాని ముఖమే కనిపించింది. కింద, ఎన్నటికీ లొంగవద్దనే అర్థంలో ఇంగ్లీషు వాక్యం.

"మా కంపెనీ ట్రైనింగులో ఇచ్చారండీ మావయ్యగారూ" అన్నాడు రవి. "డెడ్‌లైన్ ఉన్నప్పుడు చూస్తే ఊపొస్తుంది."

"ఈ ఊళ్లోనే బాబూ, ఆయన దొరలు తెల్లజెండా పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి లొంగిపోయారు. జపాన్‌వాళ్లు కార్ల ఫ్యాక్టరీలో కూర్చోబెట్టి సంతకం పెట్టించుకున్నారు. ఆ బొమ్మ కూడా ఉంటే దీని పక్కన తగిలించు."

"మావయ్యా, చారు చల్లారిపోతోంది" అంది సుధ.

యుద్ధంలో పోయినవాళ్ల శ్మశానం క్రాంజీలో ఉంది. యూ టీ నుంచి రైల్లో ఒకటే స్టేషను, టికెట్టు డాలరు లోపే. కానీ స్టేషను నుంచి కొంత దూరం నడవాలి, ఆపైన గుట్ట ఎక్కాలి. నా మోకాళ్ల సంగతి తెలిసి సుధ పొద్దున్నే ట్యాక్సీ ఎక్కించింది. అమెరికా వాళ్లతో ఫోన్ మీటింగు ఉందట, తను రాలేదు. "జాగ్రత్త మావయ్యా, మంచినీళ్ల సీసా మరిచిపోకు" అని ఆమె అనగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు. నా ఈడువాడే, నల్లగా, బక్కగా ఉన్నాడు.

"అన్నా, తెలుగా? మాదీ తెలుగే. మా తాత ఇజీనారం కాడ్నించి రబ్బరు తోటకి వచ్చినాడు. నాకు మాట్లాడ్డం వచ్చు, చదవడం తెల్దు" అన్నాడు. ఎక్కడికని అడిగాడు, చెప్పాను. తరవాత తనే అందుకున్నాడు. మలయాలో జొహోర్ తోటలో పనిచేస్తున్న వాళ్ల నాన్నను జపాన్‌వాళ్లు సయాం అడవుల్లో రైలు దారి వేసే పనికి లాక్కుపోయారట. తిరిగొచ్చిన ఒకరిద్దరు, అందరూ పోయారని చెప్పారట.

"మా అమ్మ బొట్టు తీసీసింది, మళ్లీ పెళ్లి చేసుకుంది. పిల్లలు తినాల గదా. చానా సుసా పడినాం అన్నా. కష్టం అంటే అలాటిలాటి కష్టం కాదు."

"దానికంతటికీ కారణం ఆ ప్రధాని. మనల్ని వాళ్ల చేతుల్లో పెట్టి పోయాడు."

"అవునన్నా, వదిలీసి పోనాడు. కానీ మళ్లీ వచ్చింది కూడా ఆల్లే గదా? తెల్ల సోల్జర్లు రొట్టి పంచినారు. మా అమ్మ ఆల్లని చూసి ఏడిసీసింది. అలాటి రొట్టి నానెప్పుడూ తినలేదు."

"ఆ రొట్టె ఆయన పంపింది కాదు. ఆ సరికే ఆయన ఎన్నికల్లో ఓడిపోయి ఇంట్లో కూర్చున్నాడు" అన్నాను. నాకు తెలిసింది చెప్పకుండా ఉండలేను.

"ఎవుడు పంపితే ఏటన్నా? ఆకలేసినోడు పేరు అడుగుతాడా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

పది నిమిషాల్లో దింపేశాడు. మీటరు మీద ఆరు డాలర్లయింది. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, సాయంత్రందాకా తెరిచే ఉంటుంది. నేను రైలింగు పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే మీటరు ఆపేసి వెనకాలే వచ్చాడు. "ఇది నా మకాన్ టైము. తిండి తరవాత తింటాను, పద" అన్నాడు. గుట్ట నిండా తెల్లరాళ్లు వరసగా ఉన్నాయి, మధ్యలో కత్తిరించిన పచ్చిక. పైన, సమాధి దొరకనివాళ్ల పేర్లు చెక్కిన గోడలు. ఏ దళం ఏ గోడమీద ఉందో చూసుకోవడానికి పుస్తకాలు పెట్టారు. అందులో కొందరికి తండ్రి పేరూ ఊరూ కూడా ఉంటాయి.

నాన్న దళం గోడ దొరికింది. ఎండలో అక్షరాలు కళ్లకు ఆనడం లేదు. వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ చదివాను. అప్పలస్వామి అన్న పేరు దొరికింది. దాని కింద వరసలో మళ్లీ అప్పలస్వామి. దాని కింద ఇంకొకటి.

మా ప్రాంతం తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. సింహాచలం చుట్టుపక్కల ప్రతి వీధిలోనూ ఒక అప్పలస్వామి ఉంటాడు. చింతాడ వాళ్ల అప్పలస్వామి, గేదెల వాళ్ల అప్పలస్వామి అని ఇంటిపేరుతోనే గుర్తుపడతాం. దొరల గుమాస్తాలకు ఇంటిపేరు అక్కర్లేకపోయింది. నోరు తిరగక వదిలేశారో, కూలివాడికి ఒక పేరు చాలనుకున్నారో. పుస్తకంలో చూస్తే ఈ ముగ్గురికీ తండ్రి పేరు లేదు, ఊరు లేదు. సిపాయి నంబరొకటే ఉంది. మా నాన్న నంబరు నాకు తెలియదు. అమ్మ తిప్పి పంపిన ఆ పింఛను కాగితం మీద ఉండేది కాబోలు.

నాన్న నన్ను వెతుక్కుంటూ వస్తే దొరకాలని ఆ దిక్కుమాలిన పేరును అరవై అయిదేళ్లు మోశాను. నేను ఆయనను వెతుక్కుంటూ వస్తే దొరకడానికి పనికొచ్చే పేరును మాత్రం ఆ ప్రధాని సైన్యం చేర్చుకున్న రోజే కోసిపారేసింది.

చాపు బయటకు తీశాను, మళ్లీ సంచిలో పెట్టేశాను.

"ఏటన్నా?" అన్నాడు డ్రైవరు. చెప్పాను.

"అయితే ముగ్గురికీ పెట్టు."

"ఇద్దరు పరాయివాళ్లవుతారు కదయ్యా. వాళ్ల కొడుకులు పెట్టుకోవాలి."

ఆయన చుట్టూ చూశాడు. గడ్డి కోస్తున్న మనిషి తప్ప గుట్టమీద ఎవరూ లేరు. "ఆ కొడుకులు రాలేదన్నా. నువ్వొచ్చినావు" అన్నాడు.

చాపును మొదటి పేరు కింద పెట్టి దండం పెట్టాను. తీసి రెండో పేరు కింద పెట్టాను. మూడో పేరుకు వంగినప్పుడు మాత్రం అమ్మ నుదురు కళ్లముందు నిలిచింది. రూపాయి కాసంత బొట్టు. దాన్ని నా చేత్తో తుడిచేస్తున్నట్టు అనిపించింది. అమ్మ పోయిన రోజున కూడా నేను అలా ఏడవలేదు. ఆయన నా భుజంమీద చెయ్యివేసి నిలబడ్డాడు.

కిందకు దిగి కారెక్కాక అడిగాడు. "అన్నా, ఆ బట్ట మా నాన్నకీ ఒకపాలి పెడతావా? ఆయనకి గోడ లేదు."

రైలు పనిలో పోయిన కూలీల పేర్లు ఎవరూ చెక్కలేదు. అంతవరకూ మా నాన్నకు జరిగిన అన్యాయమే పెద్దదనుకుంటూ వచ్చాను. వుడ్‌ల్యాండ్స్ వైపు పోనిమ్మన్నాను. పావుగంట దూరం. అక్కడ సన్నటి సముద్రపు పాయకు అవతల జొహోర్ కనిపిస్తుంది. వంతెన మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. నీళ్లకు ఎదురుగా ఒడ్డున బట్ట పరిచి, ఆయన తండ్రి పేరు అడిగి పైకి చెప్పాను. ఆయన చెప్పులు విప్పి, అటువైపు తిరిగి మోకాళ్లమీద కూర్చున్నాడు. ఇంటిపేరు అడిగితే గుర్తులేదన్నాడు.

తిరిగి వస్తూ, సుధ వాళ్ల పేట పక్కనున్న చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద కాఫీ దుకాణంలో కూర్చున్నాం. భోజనం మూడు డాలర్ల లోపే, తీపి టీ వేరే. పెట్టిన బట్ట కొడుకు కట్టుకోవాలి కాబట్టి, చాపులో ఒక పంచె నీదన్నాను. అక్కడ ఉడికిన కోడిని ముక్కలు చేసే చైనా ఆవిడను డ్రైవరు కత్తెర అడిగితే, ఆమె దాన్ని కడిగి, తుడిచి, "అంకుల్, స్ట్రెయిట్ ఆర్ నాట్?" అంటూ తనే మధ్యకు కోసిపెట్టింది.

"నానెప్పుడూ పంచె కట్టలేదన్నా. జారిపోతే మా ఆవిడ ఫోటో తీసి ఊరంతా చూపిస్తది" అన్నాడు. అయినా నడుముకు చుట్టుకుని చూసుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చి నెలయింది. ఆ ప్రధాని గొప్పవాడా దుర్మార్గుడా అని అడిగేవాళ్లతో నేనింకా పోట్లాడుతూనే ఉన్నాను. ఆయన పక్షాన పుస్తకాలు బీరువాలకొద్దీ ఉన్నాయి, నేనొకణ్ణి ఎదురు మాట్లాడితే ఆయనకు పోయేదేమీ లేదు. రొట్టె తిని బతికినవాడు చెప్పిందీ అబద్ధం కాదు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని బతకడం ఈ వయసులో నాకు చేతకావడం లేదు. ఈసారి పెద్దలకు పెట్టేటప్పుడు అమ్మ చీర పక్కన నాన్నకు పంచె పెడతాను. అమ్మ ఫోటోకు మాత్రం కుంకుమ అలాగే ఉంచుతాను. ఆ ముగ్గురిలో ఆయన ఎవరో, అసలు వాళ్లలో ఉన్నాడో లేడో తేలేదాకా, ఆ బొట్టు తీసే అధికారం నాకు లేదు.

క్రాంజీకి వెళ్లి మీవాళ్ల కోసం వెతకాలనుకుంటే ఒకటే సలహా. ఊరు, ఇంటిపేరు, తాతల పేర్లు అక్కడ చాలామంది విషయంలో పనికిరావు. బయలుదేరే ముందే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు ఇంకా ఉండగానే, సిపాయి నంబరు కనుక్కోండి.