చివరి కుర్చీ పేరు రెండుసార్లు

ఇయ్యాల నల్లగొండల మళ్ల కరెంటు పోయింది. ఇన్‌స్టిట్యూట్‌ల కంప్యూటర్లన్నీ బందైనయ్. జావా అనే కంప్యూటర్ భాష చెప్పే సారు ఊకుంటడా, జావాల లిస్టు ఎట్ల నడుస్తదో చూపెట్టనీకి మమ్ములనే ఆ లిస్టు లెక్క వరుసగ కూసోబెట్టిండు. చాక్‌పీసు పట్టుకొని ఒక్కో కుర్చీ దాటుకుంట, దాటిన కుర్చీల కూసున్నోళ్ల పేరు పిలుస్తుండు. చివరి కుర్చీల రజియా, ఆమె పక్కన నేను.

"రజియా" అని పిలిచి ఆఖరు దాటిండు. వెనక్కి మళ్లంగనే మళ్ల "రజియా" అన్నడు.

"ఆమెనే రెండుసార్లెందుకు సార్?" అని కుళ్లుకొని గులిగిన.

"ఆఖర్ల ఎవ్వలుంటే వాళ్లను దాటే పోవాలె, వాళ్లను దాటే రావాలె. జావా లిస్టుల గట్లనే."

రజియా మెల్లగ అన్నది: "ఇంకోసారి గూడ పిలువుండ్రి సార్. మా అమ్మికి పానం బాగలేదు. రేపటి సంది ఇంట్ల కుట్టుమిషన్ మీద నేనే కూసోవాలె, క్లాసుకు రాను."

సారు పిలువలేదు. చాక్‌పీసు జేబుల ఏసుకున్నడు. కరెంటొచ్చింది, ఫ్యాన్లు తిరిగినయ్, ఎవ్వలం కంప్యూటర్ల కాడికి పోలే.

రేపటి సంది చివరి కుర్చీ నాది. నా పేరే రెండుసార్లొస్తది. గిసొంటిదానికి ఎవ్వలన్న సంబురపడ్తరా, మీరే చెప్పుండ్రి.