తోక ఉన్న సంతకం

ఆ ఉదయం రాజమండ్రిలోని మా బ్యాంకు బ్రాంచిలో, కార్డుల గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: అధికారి మేడమ్, బట్టల కొట్టు యజమాని, నేను. బల్ల మీద ఉన్నవి: నా ఫిర్యాదు ఫైలు, మూత లేని గమ్ము సీసా, తెల్లకాగితాలు, మూడు స్వైప్ స్లిప్పులు. ఫ్యాను ఉంది గానీ తిరగడం లేదు. స్లిప్పులు ఎగిరిపోతాయని మేడమే ఆపేశారు.

అంతకు కొన్ని వారాల ముందు, రావులపాలెం నుంచి వచ్చే బస్సులో నా పర్సు పోయింది. ఆర్టీసీ బస్సు కాంప్లెక్సులో దిగి జేబు తడుముకుంటే లేదు. కార్డు నంబరు ఇంట్లో పాత బిల్లు మీద ఉంది. ఇంటికి వెళ్లి, అది వెతికి, ఫోన్ చేసి కార్డు ఆపించేలోపు ఎవరో మూడు చోట్ల వాడేశారు: పెట్రోలు బంకు, చెప్పుల షాపు, బట్టల కొట్టు. మొదటి రెండు స్లిప్పుల మీద ఇంగ్లీషులో ఏదో గిలికి ఉంది. నా సంతకం తెలుగులో ఉంటుంది కాబట్టి వాటితో పేచీ రాలేదు. మూడోది మాత్రం తెలుగులో ఉంది. దాని మీద కొన్నవి పట్టుచీరలు. అది నా సంతకం కాదని తేలకపోతే నా నెల జీతం మొత్తం వాటికే పోతుంది.

"చూసే ఇచ్చామండీ," అన్నారు కొట్టు యజమాని. "కార్డు వెనకాల సంతకం తెలుగులో ఉందా, ఆ వచ్చినతనేమో ఇంగ్లీషులో పెట్టబోయాడు. ఇదేంటండీ బాబూ, వెనకాల ఉన్నట్టే పెట్టండి అన్నాను. పెట్టేశాడు."

"అంటే చూసి దింపేశాడన్నమాట," అన్నారు మేడమ్.

"చూసి దింపితే ఇంత బాగా వస్తాదేంటండీ? మా ఆవిడ సంతకం పాతికేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, నాకు రాలేదు."

"ఆ మాట బ్యాంకులో చెప్పకూడదండీ," అని మేడమ్ స్లిప్పు నా వైపు తిప్పారు. "మీరు చూడండి. మీదేనా?"

చూశాను. నాది కాదు. మా నాన్నది.

నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. రావులపాలెం అరటి మార్కెట్లో ఆయన గెలలు కొని లారీలకు ఎక్కించేవారు. కొన్న ప్రతి గెల కాడ మీదా మా ఇంటిపేరు మొదటి అక్షరం వేసేవారు. కోసిన కాడ నుంచి జిగురు కారుతూ ఉంటుంది, నిలబడి దిద్దితే సిరా పాకిపోతుంది. అందుకని ఒక్క విసురులో వేసేవారు. అక్షరం పూర్తయ్యేసరికే చెయ్యి పక్క గెల వైపు వెళ్తూ ఉండేది. ఆ వెళ్లడంలో చివర ఒక తోక పడేది, కిందికి దిగి కుడికి వంగి. "కింద పేరెందుకురా? చూడగానే మనదే అనాలి," అనేవారు. నాకు సంతకం నేర్పినప్పుడు ఆ అక్షరమే తోకతో సహా నేర్పారు.

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఆ తోకను తీసేశాను. డ్రాయింగ్ షీటు కింది మూలన చిన్న గడిలో సంతకం పెట్టాలి. గీత దాటితే మార్కులు తగ్గించేవారు. సెలవులకు వచ్చినప్పుడు నాన్న నా షీటు చూశారు.

"తోక కోసేశావేంట్రా?"

"గడిలో పట్టట్లేదు నాన్నా."

"అయితే గడి పెద్దది గీసుకో."

గడి కొలతలు మనిష్టం కాదని వివరించాను. ఆయన విన్నారు, తలాడించారు, కాఫీ తాగారు.

ఆయన గుర్తున్న గెలలన్నీ లారీలెక్కి వెళ్లిపోయాయి. ఇంట్లో మిగిలింది ఒక పాసుపుస్తకం. అందులో ఆయన సంతకం సరిగ్గా బ్యాంకు ముద్ర కింద పడి నల్లగా అలుక్కుపోయింది. ఇప్పుడేమో కొట్టు యజమాని చూస్తుండగా, తొందరలో, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు నా అక్షరాన్ని దింపి చెయ్యి లాగేసుకున్నాడు. చివర తోక పడింది. కిందికి దిగి, కుడికి వంగి.

"మీది కాదంటే ఈ కాగితం మీద పది సంతకాలు పెట్టండి," అన్నారు మేడమ్.

పెట్టడం మొదలుపెట్టాను. తోక రాకపోతేనే నా జీతం నాకు మిగులుతుంది. ఆ సంగతి తెలుసు. అయినా చివరి సంతకం దగ్గర, పక్కన ఇంకో గెల ఉందనుకుని చెయ్యి వదిలేశాను. తెల్లకాగితం మీద గడి లేదు, గీత లేదు. చెయ్యి ఎప్పుడూ ఆగేచోటే ఆగిపోయింది.

మేడమ్ స్లిప్పునూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. "ఇదిగోండి, ఈ తోక. ఈయన చేతికి ఇది లేదు."

కొట్టు యజమాని వంగి చూసి నిట్టూర్చారు. "ఆయ్, నిజమేనండీ. తోక నా కొంప ముంచింది."

"మేడమ్, ఆ స్లిప్పుకి ఒక జిరాక్సు ఇస్తారా?" అన్నాను.

"మీది కాదన్నారు కదండీ, మీకెందుకు?"

స్లిప్పు మీది తోకను వేలితో ఒకసారి తడిమాను. ఆవిడ మూడు స్లిప్పులనూ ఫైల్లో పెట్టి, నా సంతకాల కాగితం అడుగున ఏదో రాసి, ఫ్యాను వేశారు. రాసింది తలకిందులుగా చదివాను.

నమూనా సంతకాలు: పది. సరిపోలినవి: సున్నా.