గేటు పాసు లేని గొంతు

మా బావ స్టీల్ ప్లాంట్‌లో సేఫ్టీ చూస్తాడు. పాసు లేకపోతే కన్నతండ్రినైనా గేటు దాటనివ్వనని ఊరంతా చెప్పుకుంటాడు. హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తే నన్ను వాళ్లింటి మెట్లే ఎక్కనివ్వడు. అంతటి జాగ్రత్తపరుడు ఇంట్లో కంప్యూటర్‌ని కాపాడే పద్ధతి మాత్రం వేరు. దానికి నిమ్మకాయ, మిరపకాయలు కడతాడు.

ఆ కంప్యూటర్ మా అక్కకు ప్రాణం. సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో, ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లకు ఎంబ్రాయిడరీ చేస్తుంది. నెమలి మెడ వంపు దగ్గర్నుంచి సింహాచలం సంపెంగ రేకు దాకా ప్రతి డిజైనూ తను గీసుకున్నదే. ఏళ్ల తరబడి పడ్డ కష్టమంతా ఆ కంప్యూటర్‌లోనే ఉంది.

అందుకే ద్వారకా నగర్‌లో ఒక హార్డ్ డిస్క్ కొని పట్టుకెళ్లాను. వారం వారం డిజైన్లన్నీ దీంట్లోకి కాపీ చేసి, వైరు పీకి పక్కన పెట్టమన్నాను. తెర మీద వైరస్ అని బెదిరించి ఫోన్ నంబరిస్తే దానికి ఫోన్ చెయ్యొద్దని, అడిగినవాడికల్లా కోడ్ చెప్పొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

"నాకే సేఫ్టీ సెప్తన్నావేటి బావా?" అని నవ్వాడు బావ. నన్నూ బావా అనే పిలుస్తాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకే దసరా. ప్లాంట్‌లో మిషన్లకు బొట్లు పెట్టొచ్చిన ఊపులో బావ ఆ కొత్త డిస్కుకు కూడా పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి దేవుడి అలమరలో కూర్చోబెట్టాడు. తర్వాత అక్క కాపీ చేసుకుంటానంటే, "పూజలో ఎట్టింది కదపకూడదే" అన్నాడట. ఇక రోజూ దానికి అగరొత్తులే. లోపల ఒక్క డిజైనైనా లేదు. ఖాళీ డబ్బాకు అంత భక్తి నేనింకెక్కడా చూడలేదు.

ఒక ఆదివారం అక్క దారాలు కొనడానికి వెళ్లింది. బావ ఉచితంగా సినిమా ఎక్కడ దొరుకుతుందా అని కంప్యూటర్‌లో వెతుకుతున్నాడు. తెర ఎర్రబడింది, సైరన్ మోగింది, ఒక నంబరొచ్చింది. సైరన్ మోగితే కంగారు పడకూడదని ప్లాంట్‌లో అందరికీ పాఠాలు చెప్పే పెద్దమనిషి వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అవతలివాడు చెప్పిన యాప్ ఎక్కించాడు. అందులో కనిపించిన కోడ్ చదివి వినిపించాడు. తెర మీద బాణం దానంతటదే తిరుగుతుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. దొంగకు తాళాలిచ్చి, తలుపు కూడా తనే తీసి పెట్టాడన్నమాట. డిజైన్లన్నిటికీ తాళం పడింది. డబ్బు కడితేనే తెరుస్తామన్న బెదిరింపు ఒక్కటే తెర మీద మిగిలింది.

నేను వెళ్లేసరికి అక్క గోడకి చేరగిలబడి ఏడుస్తోంది.

"ఆడు కంపెనీ మనిసనుకున్నాను బావా. ఎంత మర్యాదగా మాటాడినాడో!" అన్నాడు బావ.

"పాసు అడిగావా?" అన్నాను. అప్పుడు గుర్తొచ్చి బావ అలమరలోంచి డిస్కు తెచ్చాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. వైరు గుచ్చే సందులో కూడా కుంకుమే. నాకు ఒళ్లు మండిపోయింది.

పోలీసులకు ఫిర్యాదు చేశాం కానీ డిజైన్లు తిరిగి రాలేదు. ఇప్పుడవి ఉన్నది ఒక్క చోటే, కుట్టించుకున్న ఆడవాళ్ల జాకెట్ల మీద. సాయంత్రమైతే అక్క పాత కస్టమర్ల ఇళ్లకు వెళ్లి, ఆ జాకెట్లు అడిగి తెచ్చుకుని, కాగితం పరిచి మళ్లీ గీసుకుంటోంది. సంచి మోసే ఉద్యోగం బావది.

ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. అక్క ఇంకా బండికి స్టాండు వేస్తోంది. బావ ముందే పోయి ఒకరి గేటు గడియ మీద చెయ్యి వేశాడు. లోపల్నుంచి ఆ ఇంటావిడ గబగబా వచ్చింది.

"ఆగండాగండి. ఎవురండీ మీరు? తెలీనోల్ని లోపలికెలగ రానిత్తాం?"

బావ చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. వెనకనుంచి అక్క వచ్చి అతని చేతిలో సంచి తీసుకుంది.

"సూసారా? ఆవిడికి ఏ ప్లాంటోలూ నేర్పలేదు" అని లోపలికి వెళ్లింది.

తను జాకెట్లు తీసుకుని వచ్చేదాకా బావ గేటు బయటే నిలబడ్డాడు.