స్వెతోజార్ బాబాయ్ మూడో ఎత్తు

స్వెతోజార్ బుగార్‌స్కి చక్కెర మిల్లులో బాయిలర్ మనిషి. ముప్పై నాలుగేళ్లు ఆ ఆవిరిలోనే ఉడికాడు. ఆదివారాలు మాత్రం జ్రెన్యానిన్ ఊరి రైల్వే క్లబ్బులో మా జట్టుకి చదరంగం ఆడేవాడు. తెల్లపావులొస్తే ఆయన ఆరంభం ఒక్కటే: మంత్రి ముందు బంటు రెండు గడులు, తర్వాత గుర్రం, మూడోది శకటు. ఎదుటివాడు రాకముందే ఆ మూడు ఎత్తులూ ఆట రాసుకునే కాగితం మీద రాసేసి కాఫీ తెచ్చుకునేవాడు. మా క్లబ్బులో ముసలాళ్లందరిదీ అదే అలవాటు. పుస్తకాలు చదివి ఆట నేర్చుకున్న నాకు అది చూస్తే ఒళ్లు మండేది.

"అవతలివాడు ఏం ఆడతాడో చూడక్కర్లేదా బాబాయ్?"

"మూడెత్తుల్లో ఎవడేం పీకుతాడ్రా? నీ పుస్తకాలు నువ్వు చదువుకో."

అరవై ఒకటో ఏట క్యాండిడేట్ మాస్టర్ బిరుదుకి అర పాయింటు దూరంలోకి వచ్చాడు. ఆఖరి రౌండు, బాబాయ్‌వి తెల్లపావులు. డ్రా అయినా చాలు. ఎదుట పాన్చెవో నుంచి వచ్చిన తిహోమిర్ అనే విద్యార్థి. ఆ రోజు కెప్టెన్ నన్ను ఆడించలేదు, కారణమూ చెప్పలేదు. కూర్చోలేక బాబాయ్ వెనకే తచ్చాడుతున్నాను.

తిహోమిర్ జవాబుగా ముందు అంచు బంటుని ఒక గడి జరిపాడు. తర్వాత దాని పక్క బంటుని రెండు గడులు తోశాడు. బుద్ధున్నవాడెవడూ అలా ఆడడు. బాబాయ్ బోర్డు చూడలేదు, కాగితం చూశాడు. శకటుని తీసుకెళ్లి సరిగ్గా ఆ బంటు నోట్లో పెట్టి గడియారం నొక్కాడు.

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. అంపైర్ అవతలి వరసలో ఉన్నాడు.

"వెనక్కి తీసుకోండి పెద్దాయనా," అన్నాడు గొంతు తగ్గించి. "నేను చూడలేదనుకోండి."

"తీసుకో," అన్నాను నేను బాబాయ్ చెవిలో.

"పావు మీంచి చెయ్యి తీసేశాక ఇంకేం వెనక్కి తీసుకుంటాను? కొట్టవోయ్ కుర్రాడా. ఒరేయ్, నువ్వు అవతలికి పో."

నాలుగు గంటలు ఆడాడు, ఆ శకటు లేకుండానే. నేను మెట్ల మీద ఒక సిగరెట్టు, లోపలికి, మళ్లీ మెట్ల మీదికి. ఒక దశలో అందరూ డ్రా అనుకున్నారు. యాభై ఎనిమిదో ఎత్తులో బాబాయ్ ఓటమి ఒప్పుకుని తన రాజుని పడుకోబెట్టి చెయ్యి చాచాడు.

"ఎవరు చూశారని? బిరుదు చేతికొచ్చేది కదా!" అని అరిచినంత పని చేశాను.

ఆయన అప్పటికే పావులు పేరుస్తున్నాడు. "ముప్పై ఒకటో ఎత్తులో గుర్రం అటు పోయుంటే అర పాయింటు దక్కేదేమో. కూర్చో, చూద్దాం."

నేను కూర్చోలేదు. కోటు తీసుకున్నాను. తలుపు దాకా వెళ్లి తిరిగి చూస్తే తిహోమిర్ కుర్చీ లాక్కుంటున్నాడు.

"అటు పోతే నా ఏనుగు ఊరుకుంటుందా పెద్దాయనా?"

"ముందు పెట్టి చూపించు, తర్వాత వాగు," అంటున్నాడు బాబాయ్.