పత్తి చేనులో ఆరు జవాబులు

ఇది ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలేదు. 2020లో ఒక పొద్దున, మానవపాడు దగ్గరి ఒక పల్లెలో, మార్కుల పని మీద వెళ్లిన నేను జొన్న చేను చాటున దాక్కుని నా విద్యార్థుల మాటలు విన్నాను. మొదట బిడియంతో ఆగిపోయాను. తర్వాత, నన్ను చూస్తే ఆ మాటలు ఆగిపోతాయేమోనని కదల్లేదు.

ఆ ఏడాది బడి మూసి ఉంది. నేను ఉద్యోగంలో కొత్త. తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. పాఠాలు టీవీలో, ఫోన్లలో వచ్చేవి. మేము వర్క్‌షీట్లు పంపి, నింపినవి తెప్పించుకుని ఎఫ్ఏ మార్కులు వేయాలి. ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో ఏడాది మధ్యలో చూసే చిన్న మదింపు. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. కానీ ఆ యేడు పెద్ద పరీక్ష జరుగుతుందో లేదో తెలియదు. ఈ మార్కులే చివరికి గ్రేడు కావచ్చు.

ఆ పల్లె నుంచి ఆరు వర్క్‌షీట్లు వచ్చాయి. ఆరింటిలోనూ ఒకే చేతిరాత. హెడ్‌మాస్టర్ సారు వాటిని బల్ల మీద పరిచి చూశారు.

"ఏందమ్మా ఇది? ఒక్కరు రాసిండ్రు, అందరు పేర్లు పెట్టుకుండ్రు. రాసిన పిల్లకు మార్కులు ఏసి, మిగతా ఐదుగురికి సున్నా పెట్టు."

నాకు ఎదురు చెప్పడం రాదు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివాను. చేతిరాత ఒకటే గానీ మనుషులు వేరు. "నీళ్లు తగ్గితే ఊరు ఎట్లా మారుతుంది?" అన్నది ప్రశ్న. ఒకరు బోర్లు ఎండిపోవడం గురించి రాస్తే, ఇంకొకరు కూలి పనికి పుణెకు పోయే బస్సు గురించి రాశారు. ఒక కాగితంలో "మా చిన్నాయనకు పిల్లనియ్యరు" అని ఉంది.

మర్నాడు సారు ముందు నిలబడి, "పోయి చూసొస్తాను సార్" అన్నాను.

ఆ ఊళ్లో సీడు పత్తి ఎక్కువ. అంటే దూది కోసం కాదు, విత్తనం కోసం వేసే పత్తి. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. బడి లేక పిల్లలూ ఆ పనిలోకి దిగారు. అది సరికాదని నాకు తెలుసు, వాళ్ల అమ్మానాన్నలకూ తెలుసు.

జొన్న చాటు నుంచి చూస్తే గట్టు మీద మహేశ్వరి కనిపించింది, ఆరు కాగితాల్లోని చేతిరాత ఆమెదే. బండి మీది నుంచి పడి కాలు విరిగింది, మోకాలి దాకా పిండికట్టు. ఒళ్లో అట్ట, దాని మీద కొత్త వర్క్‌షీటు. పక్కన స్టీలు గిన్నెలో ఫోను. గిన్నెలో పెట్టడం వల్ల పాఠం సాళ్లలో పని చేస్తున్నవాళ్ల దాకా వినిపిస్తోంది. పాఠం కాగానే కేకేసింది.

"ఈరన్నా, రెండోది చెప్పురా!"

"ఆగు, జర ఆలోచిస్త."

"నువ్వు ఆలోచించేటాలకు పత్తి ఇంటికొస్తది."

అందరూ నవ్వారు. అవతలి సాలులోంచి ఎస్తేరు అరిచింది: "నా జవాబు వానికి చెప్పకు మహేశ్వరీ, వాడు గదే అంటడు!"

"నీ జవాబు నాకెందుకే? సగం తప్పు!" అన్నాడు ఈరన్న. తర్వాత ఒక్కో మాట వెతుక్కుంటూ తన జవాబు చెప్పాడు.

"'వలస పోతరు' అని రాయనా?" అని అడిగింది మహేశ్వరి.

"వద్దు. ఊరు ఇడిసి పోతరు అన్న నేను. అట్లనే రాయి."

ఆమె కొట్టేసి, వాడు చెప్పినట్టే రాసింది. తరగతిలో ఎన్నిసార్లు అడిగినా తల దించుకునే ఈరన్న, తన మాట ఒక్కటి కూడా మారనివ్వడం లేదు. గుడి ముందు నిలబడ్డట్టు చెప్పులు విప్పాలనిపించింది నాకు.

బయటికి వచ్చాను. మీరే ఎందుకు రాయలేదని అడిగితే ఎస్తేరు చేతులు చాపింది. మొగ్గలు ఒలిచి ఒలిచి గోళ్లు వాచి, వేళ్ల కొనలు పగిలి ఉన్నాయి.

"పెన్ను పడితె సూదులు గుచ్చినట్టైతది మేడం. మహేశ్వరి పనికి రాదు గద, ఆమె చెయ్యి మంచిగుంది."

నేను సారుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోను ఆ గిన్నెలోనే పెట్టాను. "రాసింది ఒక్కరే సార్. చెప్పింది ఎవరికి వాళ్లే. మీరే అడగండి."

సారు వర్క్‌షీటులో లేనివి కూడా అడిగారు. ఒక్కొక్కరూ సాలులోంచి వచ్చి గిన్నె ముందు వంగి చెప్పారు. చివరికి ఈరన్న వంతు వచ్చింది.

"చిన్నాయనకు పిల్లనియ్యరని రాయించింది నువ్వేనా? నీళ్లకు, లగ్గానికి ఏం సంబంధంరా?"

"పిల్లనిచ్చేటోళ్లు ముందు బోరు చూస్తరు సార్. మా చిన్నాయనను తర్వాత చూస్తరు."

గిన్నెలోంచి సారు నవ్వు పెద్దగా వినిపించింది.

"ఎవరి మార్కులు వాళ్లకు వెయ్యమ్మా. నోటితో చెప్పిండ్రని పక్కన రాయి. ఎవరన్న అడిగితే నేను చెప్పుకుంట."

అప్పటి నుంచి అనుమానం వచ్చిన ఏ కాగితానికీ, పిల్లలను కూర్చోబెట్టుకుని అడగకుండా నేను మార్కు వేయలేదు. అది ఆ చేనులో నేర్చుకున్నాను. కానీ ఆ రోజు నా పని అయిపోయిందనుకుని కాగితాలు సంచిలో పెట్టుకుంటుంటే మహేశ్వరి నా కొంగు పట్టుకుంది.

"మేడం, నన్నడగలే."

"నీ చేతిరాత నీదే గదమ్మా. నీ మీద ఎవరికీ అనుమానం లేదు. సారు మొదటి రోజే నీకు వెయ్యమన్నారు."

ఆమె అట్ట పక్కన పెట్టి, కట్టు ఉన్న కాలు సర్దుకుని, నిటారుగా కూర్చుంది.

"అందరియి ఇన్న, అందరియి రాసిన. నాది వాళ్ల జవాబులకెల్లి తీసింది కాదని మీకెట్ల తెలుస్తది? నన్ను గూడ అడుగుండ్రి మేడం."